పాట అయిపోయాక

మా కంప్యూటర్‌లో జాగా నిండిపోయిందని చెప్పే గీత ఒకటి ఉంటుంది. ఆరు నెలలుగా అది ఎర్రగానే ఉంది, నేను చూసీ చూడనట్టే ఉన్నాను. చివరికి కంప్యూటర్ అప్‌డేట్ చేస్తే తప్ప నడవనని మొండికేసింది. అప్‌డేట్ చేద్దామంటే జాగా లేదంటుంది. స్కూలు పనులన్నీ ఆన్‌లైన్ అయ్యాక కంప్యూటర్ లేకపోతే పూట గడవని టీచర్ని నేను. దానితో పంతానికి పోయి ఎన్నాళ్లు నెగ్గుతాను?

నిండిందంతా మావారి సరుకే. ఆయన పోయి రెండేళ్లయింది. బట్టలు పంచేశాను, చెప్పులు కూడా ఎవరికో ఇచ్చేశాను. కంప్యూటర్‌లో మాత్రం చెయ్యి పెట్టలేదు.

మాది మామిడికుదురు దగ్గర చిన్న ఊరు. మా చర్చి సంఘంలో ఎవరు పోయినా, ఆ ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడిక జరిగేదాకా రోజూ సాయంత్రం పాటల బృందం ఆ ఇంటికి వెళ్లి పాడి వస్తుంది. మావారికి పాటంటే ప్రాణం, గొంతు మాత్రం లేదు. పక్కన నిలబడితే మాకూ శ్రుతి పోతోందని చిన్నప్పుడు ఎవరో అన్నారట. అప్పటి నుంచి నలుగురిలో పాటకి నోరు విప్పలేదు. అంత పంతం మనిషి. పాడలేకపోతే ఏం, రికార్డు చేస్తానని ఆ పని నెత్తిన వేసుకున్నారు. ఒక రికార్డరు, రెండు మైకులు, బోలెడన్ని వైర్లు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ ఇంటివాళ్లకి ఇచ్చేవారు. పదిహేనేళ్లు అదే పని చేశారు.

ఫైళ్లకి ఆయన పెట్టిన పేర్లు మా సంఘం అలవాటు ప్రకారమే ఉంటాయి. మేం పాటని మొదటి మాటతో అడగం, పుస్తకంలో నంబరుతో అడుగుతాం. నూట నలభై ఎత్తుకోండి అంటే అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఫైలు పేరు కూడా 140. ఇంకో ఇంట్లో అదే పాడితే పక్కన 2, మరో ఇంట్లో అయితే 3. ఎవరి ఇల్లో, ఏ తారీఖో ఎక్కడా రాయలేదు. ఒక్క నూట నలభయ్యే ముప్ఫైసార్ల పైన ఉంది. చావు ఇళ్లలో పాడే పాటలు ఎన్నని ఉంటాయి మరి.

మా స్కూల్లో లెక్కల మాస్టారికి ఫోన్ చేశాను. పెద్ద ఫైళ్లు పైకి వచ్చేలా వరస పెట్టుకుని వాటిని తీసేయమన్నారు. బిన్ కూడా ఖాళీ చేస్తే గాని జాగా రాదని మరీ మరీ చెప్పారు.

రెండో శనివారం, బయట ఒకటే వాన. కూర్చున్నాను. ఒకే పాట ముప్ఫైసార్లు దేనికి, ఒక్కటుంటే చాలదా అనుకున్నాను. ఎవరి పాట వాళ్లకి ఎప్పుడో చేరిపోయింది. పైగా వాటిలో మావారు లేరు, పాడినవాళ్లంతా ఇతరులే. ప్రతి నంబరుకీ అన్నిటికంటే చిన్న ఫైలు ఉంచి, మిగతావి తీసేశాను. మూడు నాలుగు నిమిషాల పాట కొన్నిచోట్ల అరగంట ఎందుకుందో ఆలోచించలేదు. మైకులు పెట్టడం తెలుసు గాని ఫైలు సైజు చూసుకోవడం తెలియని మనిషి అని విసుక్కున్నాను కూడా. బిన్ ఖాళీ చేశాను. అప్‌డేట్ మొదలైంది. “ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం” అని నన్ను ఏడిపించేవారు. ఇరకటం తీరింది చూడండి అని పైకే అని, వంటింట్లోకి వెళ్లాను.

పది రోజుల తరవాత ఒక సెలవునాడు మధ్యాహ్నం, పరీక్ష పేపరు కోసం నా ఫోల్డర్ తెరిచాను. ప్రశ్నపత్రాల మధ్య 140 అని ఒక ఫైలు కనిపించింది. పొరపాటున ఇక్కడ పడేసి ఉంటారు. నొక్కాను. పాట వచ్చింది, నాలుగు చరణాలూ అయిపోయాయి. ఆపబోయాను గాని ఇంకా ఇరవై నిమిషాలు మిగిలి ఉంది. కుర్చీలు జరుపుతున్నారు. ఎవరో ఆడమనిషి కాఫీ తాగి వెళ్లమంటోంది. మెల్లిమెల్లిగా మాటలు పలచబడ్డాయి.

అప్పుడు ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది. అదే నూట నలభై, శ్రుతి లేకుండా, సన్నగా. వెనక్కి తిరిగి వరండా వైపు చూశాను. వరండాలో ఎవరూ లేరు.

మావారే. అందరూ లేచి వెళ్లాక, వైర్లు చుట్టుకుంటూ, ఎవరూ వినడం లేదనుకుని పాడుకుంటున్నారు. రికార్డరు చాలాసార్లు అన్నిటికంటే ఆఖర్న ఆపేవారన్నమాట. అప్పుడు అర్థమైంది నాకు. పెద్ద ఫైళ్లన్నీ ఎందుకు పెద్దవో. పాట అయిపోయిన చోట ఆపేసిన చిన్నవి మాత్రం జాగ్రత్తగా దాచి, ఆయన గొంతు ఉన్నవాటినే ఏరి ఏరి తీసేశాను. పదిహేనేళ్లు ఆయన పాడిన పాటలు, ఆయన భార్యనై ఉండి నేనే తుడిచేశాను. నా మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకెక్కడైనా ఆయన గొంతు ఉందా అంటే లేదు. నాలుగిళ్లలో అడిగి చూశాను, ఆ పెన్‌డ్రైవ్‌ల్లో పాట వరకే కోసి ఇచ్చారు. పెళ్లి క్యాసెట్‌కి ఈ తేమగాలికి బూజు పట్టి ఎన్నేళ్లయిందో. ఫోన్‌లో ఫొటోలే ఉన్నాయి. లెక్కల మాస్టారు ఇంటికొచ్చి ఏదో ప్రోగ్రామ్ వేసి, సాయంత్రం దాకా కష్టపడ్డారు. పోయిన ఫైళ్ల పేర్లు వరసగా తెర మీదికి వచ్చాయి, 140 3, 140 7, 140 12 అని. ఏది నొక్కినా తెరుచుకోలేదు. మాస్టారు తల దించుకుని, “ఆ జాగాలో అప్‌డేట్ ఎక్కేసిందండి. ఇంక రావండి” అన్నారు.

ఆ వారమంతా ఇంట్లో తిరుగుతుంటే కూనిరాగం వినిపిస్తూనే ఉంది. మిక్సీ ఆపితే వినిపించేది, కుళాయి కట్టేస్తే వినిపించేది. మిగిలిన ఆ ఒక్క ఫైలూ మళ్లీ తెరవడానికి భయం వేసింది. అందులో ఇంకేముందో అని ఒక భయం, ఏమీ లేకపోతే ఎలా అని ఇంకో భయం.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా తెరిచాను. కూనిరాగం మధ్యలో ఆగిపోయింది, ఫోన్ మోగింది. “ఆ, చెప్పు” అన్నారు. కాసేపు ఏమీ లేదు. “అయిపోయింది, వైర్లు చుడతన్నాను” అన్నారు. ఆ గొంతుతో ఆయన మాట్లాడేది ఒక్క నాతోనే. అటువైపు ఉన్నది నేను. ఆ రోజు నేనేం అన్నానో రికార్డరుకి అందలేదు. ఏ రోజో నాకూ గుర్తు లేదు.

“తిన్నావా?” అన్నారు.

తరవాత ఖాళీ. నేను జవాబు చెప్పిన ఖాళీ.

“లేదండీ” అన్నాను, నాకు తెలియకుండానే. నిజంగానే ఇంకా తినలేదు.

“నాకోసం చూడకు, నువ్వు తినేయ్. వచ్చేత్తన్నాను” అన్నారు. అక్కడితో రికార్డింగ్ ఆగిపోయింది.

లేచి కంచంలో అన్నం పెట్టుకున్నాను. వీధి తలుపు గడియ తీసి వచ్చి తినడానికి కూర్చున్నాను.