పొద్దు మునిగేది మన దిక్కే

నా చిన్నప్పుడు గద్వాలలో మా వీధి మొత్తానికి సముద్రం చూసిన మనిషి మా తాతయ్య ఒక్కడే. తాను నేసిన చీరలు మూటగట్టుకుని ఏడాదికోసారి మచిలీపట్నం దాకా వెళ్లి అమ్మివచ్చేవాడు. ఒకసారి నాకొక గవ్వ తెచ్చిచ్చాడు.

ఆయనకొక అలవాటుండేది. కొనేవాళ్లు చీరను ముచ్చటగా చూస్తుంటే తానే మడత విప్పి, "ఈడ పోగు తెగితే ముడేసిన తల్లీ, చూసుకోండ్రి" అని వేలు పెట్టి చూపేవాడు. నానమ్మ మాత్రం "నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటవ్" అని విసుక్కునేది.

నాలుగో తరగతిలో ఆ గవ్వను బడికి పట్టుకెళ్లి, తాతయ్యతో నేనూ మచిలీపట్నం వెళ్లానని చెప్పాను. సాయంత్రం సూర్యుడు ఎర్రగా సముద్రంలో మునుగుతుంటే చూశానన్నాను. నేను చూసిందల్లా క్యాలెండర్ మీది బొమ్మ. వారం రోజులు అందరూ నా పక్కన కూర్చోవడానికి పోటీపడ్డారు. తర్వాత అనుమానం వచ్చినట్టుంది, ఒక సాయంత్రం నలుగురు అమ్మాయిలు నేరుగా మా ఇంటికే వచ్చి మగ్గం దగ్గర నిలబడ్డారు.

"తాతా, గిది సముద్రంల పొద్దు మునిగేది చూసిందంట. నిజమేనా, ఉత్తదేనా?"

నేను గడప దగ్గరే ఆగిపోయాను. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె తాతయ్య చేతిలో ఆగింది. నావైపు ఒకసారి చూశాడు.

"చూసింది బిడ్డా. నేనే తోలుకపోయిన."

వాళ్లు వెళ్లిపోయారు. మగ్గం చప్పుడు మాత్రం చాలాసేపటిదాకా వినిపించలేదు.

ఆ ఆదివారం నన్ను ధరూర్ వైపు ఆటోలో కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లాడు. పొద్దు నీళ్లలోకి దిగేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

"మచిలీపట్నంల పొద్దు సముద్రంల నుంచి పుడ్తది బిడ్డా. మునిగేది మన దిక్కే," అన్నాడు చివరికి.

అంటే, నా అబద్ధంలో పొద్దు కూడా తప్పు దిక్కున మునిగిందని ఆ పిల్లల మొదటి మాటకే ఆయనకు తెలిసిపోయింది. మరి ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"నలుగుర్ల నువ్వు తల దించుకుంటే చూడలేననుకున్న. నీళ్లల్ల మునిగేదైతే ఇప్పుడు చూస్తివి. మిగిలిన అబద్ధం నాది తీయ్."

తన చీరలోని ముడిని కొన్నవాళ్లందరికీ చూపే మనిషి, నా ముడిని అరచేత్తో కప్పాడు. ఆ తర్వాత గొప్పలు చెప్పబోయిన ప్రతిసారీ ఆగిపోయిన ఆ నాడె గుర్తొచ్చి నోరు మూసుకునేదాన్ని.

ఈరోజు మధ్యాహ్నం బడి గేటు దగ్గర నా ఐదేళ్ల కూతురు, సముద్రంలో అలలు మా ఇంటంత ఎత్తు వచ్చాయని వాళ్ల టీచరుకు చెబుతోంది. పిల్లకు అబద్ధాలు అలవాటైతే ఎట్లా అని నాకు భయమేసింది.

"ఉత్తదే టీచర్, ఇది సముద్రమే చూడలే," అని నవ్వాను. అక్కడున్న తల్లులూ నవ్వారు. పాప నా చెయ్యి వదిలేసి ముందు నడిచింది. అన్నం తినేటప్పుడు కూడా నావైపు చూడలేదు.

గవ్వ ఇంకా నా దగ్గరే ఉంది. ఆదివారం దాన్ని పాప చేతిలో పెట్టి కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్తాను. కానీ నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎట్లాగో మా తాతయ్య నాకు నేర్పలేదు. ఆయనకు ఆ అవసరం రాలేదు.