జెర చెయ్యి తీయున్రి అమ్మా

కరోనా తగ్గి, జనాల మాస్కులు మళ్లీ గడ్డాల కిందికి జారిన ఏడాది అది. ఎండాకాలం. సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న పరిశోధన ల్యాబ్‌లో అప్పటికే నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నీ పని ఏందని చుట్టాలు అడిగితే, గోరంతలు కొండంతలు చేయడం అంటాను. అబద్ధం కాదు. కండరం బిగిసినప్పుడల్లా అందులో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. చర్మం మీద ఎలక్ట్రోడ్లనే బిళ్లలు అంటించి దాన్ని పట్టుకుంటాం. మాకు అందేది చాలాసార్లు వోల్టులో వెయ్యోవంతు కూడా ఉండదు. దాన్ని ఎన్నో రెట్లు పెంచి కంప్యూటర్‌కు అందించే పెట్టెనే ఆంప్లిఫయర్ అంటారు. ఆ పెట్టెలు తయారుచేయడం, చెడిపోతే బాగుచేయడం, వాటి గురించి డాక్టర్లతో కొట్లాడటం నా ఉద్యోగం.

కొట్లాడటమని ఊరికే అనలేదు. పెంచేటప్పుడు పెట్టె మంచీచెడూ చూడదు. కండరపు సిగ్నల్‌తో పాటు గోడలో వైర్ల రొదను, కదిలిన కేబుల్‌ను, సాగిన చర్మాన్ని కూడా పెంచి కూర్చుంటుంది. అందుకని మధ్యలో ఫిల్టర్లు పెడతాం. వాటిలో హైపాస్ ఫిల్టర్ ఒక జల్లెడ. నెమ్మదైన ఊపులను ఆపేసి, చురుకైన కండరపు సిగ్నల్‌ను మాత్రం పోనిస్తుంది. ఎవరైనా ఎలక్ట్రోడ్‌ను తాకినా, నొక్కినా పుట్టేది ఎక్కువగా ఆ నెమ్మదైన ఊపే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

డాక్టర్ నీరజ నరాల డాక్టర్. వయసులో నాకంటే చిన్న, తెలివిలో కాదు. ఒళ్లంతా చచ్చుబడినా ఎక్కడో ఒక కండరంలో కాస్త ప్రాణం మిగిలినవాళ్లు ఆ కండరంతోనే ఔను, కాదు చెప్పగలరా అనేది ఆమె పరిశోధన. అందులో చేరినవాళ్లలో ప్రభుదాసు మాస్టారు ఒకరు. కార్ఖానాలో ఇల్లు. జీవితమంతా హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి, ఆదివారాలు చర్చిలో పాటలు నేర్పిన మనిషి. నరాలు ఒక్కొక్కటే కండరాలను వదిలేసే జబ్బు వచ్చింది. ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మాట పోయాయి. రాత్రీపగలూ మూతికి గాలి మాస్కు. పక్కలనుంచి తోసుకొచ్చే గాలికి కళ్లు ఎండిపోతాయని మందు వేసి మూసి ఉంచేవారు. రెప్పల సైగలు అట్లా పోయాయి.

మాస్కు ఇక సరిపోని రోజు దగ్గరపడింది. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, మెషీన్‌కు కలిపితే ఇంకొన్నేళ్లు బతకవచ్చు. కానీ ఇట్లాగే, కదలకుండా. వద్దంటే కొన్ని వారాలు. మాట ఉన్నప్పుడు ఈ విషయం ఎత్తితే ఆయన "చూద్దాం" అని దాటేసేవారట. ఇప్పుడు ఆయనే చెప్పాలి.

అంతకు మూడు వారాల ముందు నీరజ మా పెట్టె తీసుకెళ్లి వాళ్లింట్లో పెట్టింది. మాస్టారి కుడి బొటనవేలి కింద ఎలక్ట్రోడ్లు పెట్టింది. కండరం బిగిస్తే తెర మీద పచ్చ గీత లేస్తుంది, అదే ఔను. ఆయన భార్య సుగుణమ్మ గారు ఆపరేషన్ గురించి అడిగితే పచ్చ గీత పైదాకా లేచింది. ఊపిరితిత్తుల డాక్టర్లు సోమవారానికి ఆపరేషన్ పెట్టేశారు. సిగ్నల్‌లో ఏదో రొద వస్తోంది, ఒకసారి చూడమని నీరజ నన్ను పిలిచింది. ఇది ప్రాణాల సంగతని నాకు తట్టలేదు. రొద తగ్గించి, మధ్యాహ్నానికి బోయిన్‌పల్లిలో మా ఇంటికి పోయి అన్నం తిందామని బయలుదేరాను.

నేను వెళ్లేసరికి నీరజ అక్కడే ఉంది. సుగుణమ్మ గారు తలుపు తీశారు. గుంటూరు వైపు మనిషి, పెళ్లయిన కొత్తలోనే ఇక్కడికి వచ్చేశారు. ఎండన పడి వచ్చానని ముందు మజ్జిగ ఇచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఎలక్ట్రోడ్లు అంటించిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. వాళ్లింట్లో ప్రార్థనంటే చేతులు పట్టుకునే చేస్తారు.

"చెయ్యి పట్టుకుంటేనే పలుకుతారమ్మా. పట్టుకోకపోతే అలుగుతారు" అన్నారు నవ్వుతూ.

నా చేతిలో మజ్జిగ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

పచ్చ గీతను పక్కకు నెట్టి, దాని వెనక ఉండే అసలు సిగ్నల్ తెరిచాను. గీత సిగ్నల్ ఎంత పెద్దదో చెబుతుంది, ఎట్లాంటిదో చెప్పదు. కండరపు సిగ్నలైతే తాలింపులో ఆవాల్లా చిటపటలాడాలి. సుగుణమ్మ గారు ప్రశ్న అడిగారు. తెర మీద నున్నటి దిబ్బ ఒకటి లేచి, మెల్లగా దిగింది. ఆవగింజ ఒక్కటి పేలలేదు. ఆంప్లిఫయర్ సెట్టింగులు చూశాను. హైపాస్ ఫిల్టర్ అడుగుదాకా తెరిచి ఉంది. సిగ్నల్‌ను పెంచే మీట మాత్రం చివరిదాకా తిప్పి ఉంది.

"ఫిల్టర్ ఎవరు తెరిచిన్రు?" అని అడిగాను.

"నేనే అక్కా. ఆయన సిగ్నల్ చాలా వీక్. ఫిల్టర్‌లో పోతోందేమో అని ఓపెన్ చేశా. వెంటనే వచ్చేసింది" అంది నీరజ.

బలహీనమైన సిగ్నల్ కోసం ఆరాటపడే పరిశోధకులు చేసే పనే ఇది. ఎలుక కోసం తలుపు తెరిస్తే పిల్లి దూరిందన్నట్టు.

"జెర చెయ్యి తీయున్రి అమ్మా" అన్నాను.

ఆవిడ తీశారు. "ఏవండీ, వింటున్నారా?" అని అడిగారు. తెర చదునుగా ఉంది. మళ్లీ అడిగారు. చదునే.

"మిషను పాడయిందా?" అన్నారు ఆవిడ.

ఒక్క నిమిషమని చెప్పి నీరజను బాల్కనీలోకి లాక్కెళ్లాను. ఆమె మొహం అప్పటికే తెల్లబోయింది. డాక్టర్ కదా, నేను నోరు తెరవకముందే తెలిసిపోయింది.

"ఆ ఔను ఆమెది. ప్రశ్న అడిగి, జవాబు కోసం చెయ్యి గట్టిగ పడుతున్నది. గదే కనబడుతున్నది" అన్నాను.

"ఇప్పుడు చెప్పాలా అక్కా? ఆవిడకి అదొక్కటే ఆధారం. ఆపరేషన్ అయితే ఆయన బతుకుతారు. అందులో తప్పేముంది?"

"ఆయన అడిగిండా బతికించమని?"

"వద్దన్నారని కూడా మనకు తెలీదు కదా!"

"తెల్వదు. అందుకే చెప్పాలె."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆ క్షణం నాకూ అనిపించింది. రొద బాగుచేయడానికి వచ్చినదాన్ని, ఒకరి కాపురంలో చెయ్యి పెడుతున్నాను. కానీ సోమవారం ఆ మనిషి గొంతు కోస్తారు, అది కూడా ఆయన అనని మాట మీద. ఆ తర్వాత ఇష్టం లేదని చెప్పడానికి ఆయనకు దారి కూడా ఉండదు. నాకు భయమేసింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

లోపలికి వచ్చి నేనే చెప్పాను. "అమ్మా, ఆ పచ్చ గీత సార్‌ది కాదు. మీ చెయ్యిది."

ఆవిడ తన అరచేతుల వైపు చూసుకున్నారు. తర్వాత, "అంటే, నేను అబద్ధం చెప్పానంటావా?" అన్నారు.

"కాదమ్మా. మీకు సుత తెల్వకుండనే అయింది."

"మూడు వారాల నుంచీ ఆయనతో మాట్లాడుతున్నాను. ఇవాళ వచ్చి, నాతో నేనే మాట్లాడుకున్నానంటావా!"

ఆవిడ ఏడుస్తుంటే నేను మాస్టారి మొహం వైపు తిరిగాను. మాస్కు పట్టీ కింద, కనుబొమల మధ్య ఒక సన్నటి మడత పడి మాయమైంది. నీరజ కూడా చూసింది.

చేతి మీది ఎలక్ట్రోడ్లు తీసి ఆ మడత పడిన చోట పెట్టాం. ఫిల్టర్‌ను దాని స్థానానికి తెచ్చాను. మంచాన్ని ఎవరూ తాకకుండా దూరంగా నిలబడ్డాం. ఔనైతే కనుబొమలు ముడవమని నీరజ మాస్టారికి చెప్పింది. తెర మీద సన్నగా, చాలా సన్నగా, ఆవాలు చిటపటలాడాయి.

మాట్లాడకపోవడం వేరు, కాదనడం వేరు. అందుకని ప్రతి ప్రశ్ననూ రెండు వైపులా అడగాలి. మీ పేరు ప్రభుదాసా అంటే ముడిచారు. పేరు వేరేది చెబితే ఊరుకున్నారు. సుగుణమ్మ గారు నమ్మలేదు. మోసపోయిన మనిషి ఎట్లా నమ్ముతుంది? కళ్లు తుడుచుకుని ముందుకు వచ్చారు.

"ఏవండీ, నా చేపల పులుసు బాగుంటుందా?"

చదునుగా ఉంది.

"ఉప్పెక్కువా?"

ఆవాలు పేలాయి. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఏదో ఏడుపు ఏదో తెలియకుండా ఊగిపోయారు. "ఈయనేనమ్మా! పెళ్లయినకాడి నుంచీ ఇదే గోల. ఈయనే!" అన్నారు. ఆ గదిలో ఆ పూట సంతోషం ఆ ఒక్క క్షణమే. తెర మీద ఉన్నది తన భర్తేనని ఆవిడ నమ్మింది కూడా అప్పుడే. ఇక ఏ జవాబొచ్చినా కాదనడానికి లేదు.

అసలు ప్రశ్న నీరజ అడగబోతే ఆవిడ ఆపారు. "నా మొగుణ్ని నేనే అడుగుతాను" అని, రెండు చేతులూ ఒళ్లో కట్టేసుకుని కూర్చున్నారు.

"ఏవండీ, గొట్టం పెట్టించుకుంటారా?"

తెర చదునుగా ఉంది.

ఆవిడ రెండో ప్రశ్న అడగడానికి చాలాసేపు పట్టింది.

"వద్దాండీ?"

చిటపట మొదలైంది. ఆగలేదు. అంతసేపు కనుబొమ బిగించి ఉంచడం ఆ మనిషికి ఎంత కష్టమో మాకు తెలుసు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే.

నేను పెట్టె ఆపేశాను. ఆవిడ ఆయన వైపు కాకుండా నా వైపు చూసి, చిన్నపిల్లలా అడిగారు. "ఇప్పుడు చెయ్యి పట్టుకోవచ్చామ్మా?"

"పట్టుకోండమ్మా" అన్నాను. నాకు తెలియకుండానే వాళ్ల భాష వచ్చేసింది.

పరిశోధన పెట్టె మాట మీద ప్రాణాల నిర్ణయం చేయకూడదు. మర్నాడు నీరజ ఇంకో డాక్టరును తీసుకొచ్చింది. ఆయన ఆ మడతను కళ్లారా చూస్తూ రెండు వైపులా అడిగాడు. జవాబు మారలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. తొలకరికి ముందే మాస్టారు ఇంట్లోనే పోయారు. సమాధుల దగ్గర సుగుణమ్మ గారు నన్ను చూసి దగ్గరికి వచ్చారు.

"నీ మీద కోపముందమ్మా. పోదు" అన్నారు.

"ఉండనియ్యున్రి అమ్మా" అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు తీయలేదు.

కొత్తగా చేరిన పిల్లలకు ఇప్పుడు నేను మొదట నేర్పేది పెంచడం కాదు, ఏది ఎవరిదో చూడటం. పచ్చ గీతకు ముందు అసలు సిగ్నల్ చూడాలి, ప్రశ్న రెండు వైపులా అడగాలి, రికార్డింగ్ జరుగుతుంటే మనిషిని ఎవరూ తాకకూడదు. ఇవన్నీ ఏ పుస్తకం చదివినా తెలుస్తాయి. నాకు సుగుణమ్మ గారు నేర్పింది ఇంకొకటి ఉంది. పెట్టె సిద్ధమైనా వెంటనే స్విచ్ వేయను. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, పట్టుకోనిస్తాను. తొందరేమీ లేనట్టు కేబుళ్లు సర్దుకుంటూ ఉంటాను. వాళ్ల కడుపు నిండిందనిపించాకే అడుగుతాను, జెర చెయ్యి తీయున్రి అమ్మా అని.