సముద్రపు పందిపిల్ల

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం ఖతార్‌లో దోహా అంతా తవ్వి పెట్టిన రోజులవి. ఆఫీసు పని మీద వెళ్లిన నేనూ, ఒక జర్మన్ ఇంజనీరూ ఒకే కారులో ఊరి చివర అబూ హమూర్ పేటకు బయల్దేరాం. ఆయన ఒళ్లో చిన్న పంజరం, అందులో ఆయన కూతురు పెంచుకునే గినీ పిగ్. డ్రైవర్ మల్లేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె.

"అదేం జీవి సార్? ఎలుక లెక్కుంది" అని నన్ను అడిగాడు. నేను ఇంజనీరును ఇంగ్లీషులో అడిగి, జర్మన్‌లో దాని పేరుకు సముద్రపు పందిపిల్ల అని అర్థమట అన్నాను.

మల్లేశ్ కారు పక్కకు తీసి ఆపేశాడు. "బండి మా కఫీల్‌ది సార్. దీంట్ల పందిని తిప్పిననని తెలిస్తే నన్ను ఫ్లైట్ ఎక్కిస్తడు." కఫీల్ అంటే అతనికి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని.

అవతల నాకు మీటింగుకు ఆలస్యమవుతోంది. ఇంజనీరు కంగారుగా వివరించాడు. అది పంది కాదు, పందిలా కీచుమంటుందంతే. సముద్రంలో పుట్టిందీ కాదు, ఎప్పుడో ఓడల్లో సముద్రం దాటి వచ్చిందట. చూసినవాళ్లు ఆ పేరు పెట్టేశారు.

అదంతా మల్లేశ్‌కు తెలుగులో చెప్పాను.

"మా ఊర్ల నన్ను దుబాయ్ మల్లేశ్ అంటరు సార్. నేను దుబాయ్ మొకం గూడ సూడలే. సముద్రం దాటి పోయిననని గట్లనే పెట్టిన్రు."

కారు కదిలింది. మల్లేశ్ అద్దంలోంచి పంజరం వైపు చూసి అడిగాడు.

"ఏం తమ్మీ, ఏసీ పెంచాల్నా?"