ఆ పాపకు నేను తాపించిన మందు

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బరువు నా ఒక్కడిదే అయితే మోస్తూనే ఉండేవాణ్ణేమో. అది ఒక పిల్ల మీద పడింది. అందుకే రాస్తున్నాను. మీరు నన్ను ఓదార్చకండి. అన్ని షాపుల్లోనూ ఇస్తారులే అని మాత్రం అనకండి. ఇచ్చింది నేను.

బద్వేలు దగ్గర ఒక చేనేత ఊళ్లో నాది మందుల షాపు. ఊరు నన్ను డాక్టరప్పా అని పిలిచేది. ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది.

మా వీధి నేతగాడి భార్య మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుండగా కట్లపాము కరిచి చనిపోయింది. మూడేళ్ల కూతురు పక్కనే నూలు చుట్టిన కండెలతో ఆడుకుంటూ అంతా చూసింది. నెల తర్వాత తండ్రి షాపుకొచ్చాడు.

"డాక్టరప్పా, పాప నన్ను మగ్గం కాడ కూచోనియ్యల్యా. గుంతలో కాలు పెడితే సాలు, చొక్కా పట్టుకోని గుంజుతాది, ఒకటే అరుపు. దర్గాలో తాయెత్తు గూడా కట్టించినా."

"తాయెత్తుకు నిద్రొస్తాదేమప్పా? ఈ సిరప్ పొద్దున ఒక మూత తాపు. సాయంత్రం దాకా కిమ్మనదు."

"ఏం గాదు గదా? శానా చిన్నది."

"కడపకు పోతే డాక్టరూ ఇదే రాస్తాడు. రెండు దినాల పని పోగొట్టుకుంటానంటే పో."

అది జలుబు సిరప్. తాగిన పిల్లలు మగతగా పడుంటారు. ఏడాది పైగా ఇచ్చాను. ఒక మూత చాలనప్పుడు రెండు చెప్పాను. పాప అరవడం మానేసింది. మెల్లగా మాట్లాడటమూ మానేసింది. ఎంత బుద్ధిమంతురాలో అంది వీధి. నేనూ అన్నాను.

ఎందుకు అరుస్తోందని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? తల్లి చచ్చిన గుంతలోకి తండ్రి దిగుతుంటే చొక్కా పట్టి వెనక్కి లాగింది. అది రోగమా? మా అందరిలో తెలివిగా నడుచుకున్నది అదొక్కతే. దానికే నేను మత్తు తాపించాను.

చివరికి కడపలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. సిరప్ మాట ఎత్తొద్దని తండ్రికి బస్సులోనే చెప్పాను. ముందు ఏమైనా మందులు వాడారా అని ఆమె అడిగితే, లేదన్నాను. మాటలు మొదటి నుంచీ రాలేదన్నాను. తల్లి చావు చెబితే మిగతాదీ బయటపడుతుందని అదీ దాచాను. నేను మందులు తెలిసినవాణ్ణి, ఏదో కారణం ఉండే అలా చెబుతున్నానని తండ్రి నమ్మాడు. పుట్టుకతోనే మందబుద్ధి అని కాగితం మీద పడింది.

ఆ పిల్లకు ఇప్పుడు పదకొండేళ్లు. మాటలు కొన్నే. వీధి మొద్దు అని పిలుస్తుంది. భయం ఎంత చెరిచిందో, సిరప్ ఎంత చెరిచిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి మూసింది మాత్రం నేనే.

ఆ సిరప్పే పాపను చెరిచి ఉండొచ్చని, డాక్టరమ్మ దగ్గర దాన్ని దాచింది నన్ను నేను కాపాడుకోడానికేనని నిన్న తండ్రికి చెప్పాను. ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. డాక్టరమ్మకు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. షాపు పోతే పోనీ. క్షమించమని ఎవరినీ అడగను, అడిగే హక్కూ లేదు.

ఆ పిల్ల మొద్దు కాదు. నేను అబద్ధమాడాను. ఇన్నాళ్లకు ఈ రెండు మాటలూ గొంతు దాటాయి.