చెప్పులు విప్పించే అసిరమ్మ

చోడవరం జట్కా స్టాండులో నాడాలు కొట్టే అసిరమ్మకి ఒకటే పిచ్చి. గుర్రం కుంటుతోందని ఎవరొచ్చినా ముందు గుర్రాన్ని చూడదు, తోలుకొచ్చినవాడి చేత చెప్పులు విప్పిస్తుంది. విప్పించి ఊరుకుంటే సరే. అరికాళ్లు రెండూ తిప్పి చూసి, అక్కడున్న ఆనెలు, పగుళ్లు, మట్టి, అన్నీ స్టాండంతా వినేటట్టు చదువుతుంది. ఆపైన శిక్ష. గుర్రం కాలు బాగుపడేదాకా వాడూ ఉత్త కాళ్లతోనే తిరగాలి. కంకర మీద దాని బాధ వీడికీ తెలియాలట.

గోవాడ వైపు చెరుకు రైతు కృష్ణంరాజుగారు పెళ్లి ఊరేగింపులకని ఒక తెల్లగుర్రాన్ని మేపేవారు. అది కుంటితే బూట్లు తొడుక్కుని స్వయంగా తోలుకొచ్చారు. విప్పనన్నారు. అసిరమ్మ సుత్తి సంచిలో పడేసి, అడ్డచుట్ట ముట్టించుకుని, ఎటో చూస్తూ కూచుంది. గంట గడిచాక పాపం ఆయనే విప్పారు. లోపల మేజోడు చిరిగి ఉంది. “బాబుగారి బొటనేలు బయటికొచ్చి దండాలెడతంది” అని అసిరమ్మ ప్రకటించింది. ఆ రోజు నుంచి ఆయన చచ్చేదాకా బొటనేలు రాజుగారే. గుర్రం మాత్రం నాలుగో రోజుకి ఊరేగింపులో గెంతింది.

నాడాల పని ఆమె మొగుడి దగ్గర నేర్చింది. ఒకరోజు మొగుడు ఊరొదిలి పోయాడు, సుత్తి తను పట్టుకుంది. ఎందుకు పోయాడన్న మాట ఎత్తే దమ్ము స్టాండులో ఎవరికీ లేదు. ఎత్తితే తమ కాళ్ల గురించి ఏం వినాల్సొస్తుందోనని భయం.

తొంభై నాలుగో సంవత్సరం నాటికి నలభై జట్కాల స్టాండులో తొమ్మిది మిగిలాయి. ఏడుగురిని కుక్కుకుని పోయే ఆటోలు వచ్చిపడ్డాయి. ఆటో ఎక్కి పోయిన మనిషి మళ్లీ జట్కా మొహం చూడడు. ఆ తొమ్మిదిలో ఒకటి తోలే దాసుకి ఉన్నదల్లా ఆ బండి, బుల్లెమ్మ అనే ఎర్రగుర్రం. అలాంటి రోజుల్లో బుల్లెమ్మ కుంటింది. అది నెలలోగా బండి లాగకపోతే దాసు బండినీ దాన్నీ తెగనమ్ముకుని ఎవడి చేలోనో చెరుకు నరకడానికి పోవాలి.

అయినా దాసు అసిరమ్మ దగ్గరికి పోలేదు. ఆమె నోటికి జడిసి రెండు వారాలు తప్పించుకు తిరిగాడు. జబ్బ పట్టేసిందని తనే తేల్చేసి ఆముదం రాశాడు. తగ్గలేదు. కె.కోటపాడు తీసుకుపోయి జబ్బ మీద వాతలు వేయించుకొచ్చాడు. గుర్రం ఏ కాలు కుంటినా జబ్బ మీద కాల్చిపారేయడం మనవాళ్లకి అదేం సరదాయో. బుల్లెమ్మకి కుంటుతోపాటు కాలిన పుళ్లు కూడా తోడయ్యాయి. ఇక గతిలేక అసిరమ్మ ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

ఆమె వాతలు చూసింది. చాలాసేపు తిట్టింది. దాసు తాతని, తాత గుర్రాన్ని, వాతలు వేసినవాడి పిలకని, ఎవర్నీ వదల్లేదు. తర్వాత, “సెప్పులిప్పు” అంది. దాసు విప్పాడు. అరికాళ్లు చూడబోతూ గుర్రం మూలుగు విని అటు తిరిగింది.

“నడిపించు. దాని తల సూడు, కాలు కాదు. నొప్పి కాలు మోపినప్పుడు తలెత్తేస్తది, మంచి కాలు మీదకొచ్చినప్పుడు దించుద్ది. ముందరి కుడికాలు. తెలిసిందా వాతలోడా?”

మోకాలి మీద కూచుని నాలుగు గిట్టల మీదా వరసగా అరచెయ్యి పెట్టింది. ఆ కుడిగిట్ట ఒక్కటే వేడిగా ఉంది. గిట్ట పైన వెనకవైపు నరం వేలికి తన్నుకుంటోంది. చిన్న సుత్తితో మేకుల మీద ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వచ్చింది. మూడో మేకు దగ్గర బుల్లెమ్మ కాలు లాక్కుంది. నాడా వదులైందని నెల కిందట దాసే ఒకరోజు తొందరలో కొట్టుకున్న మేకు అది. గట్టి గిట్టలో దిగాల్సింది లోపలి కండలోకి దిగింది. పట్టకారుతో పీకితే దాని వెనకే నల్లటి చీము, ముక్కు బద్దలయ్యే కంపుతో కారింది. ఉన్నవాళ్లంతా వంగి దాన్నే చూస్తున్నారు. అసిరమ్మ కత్తితో కన్నం కాస్త పెద్దది చేసి, చీమంతా దిగేటట్టు దారి చేసి, కాలు కిందికి వదిలింది.

పదిహేను రోజుల నొప్పి తీరి బుల్లెమ్మ ఒళ్లు విరుచుకుంది. ముందరి ఎడంకాలు ఎత్తి, కళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ దాసు కుడిపాదం మీద పెట్టింది. పెట్టి బరువంతా వేసింది. దాసు ఆ మేకు ఎలా కొట్టాడో చెప్పుకుంటూ పోతున్నాడు. పోతూనే ఉన్నాడు. గిట్ట కింద బొటనవేలి గోరు చితికి నెత్తురొస్తోంది, ఆయనగారు కథ చెబుతున్నాడు.

అది చూసింది అసిరమ్మ ఒక్కతే. ఎన్నడూ లేనిది ఆమె నోరు మూతపడింది. గుర్రాన్ని భుజంతో పక్కకి తోసి, మట్టి తీసి ఆ నెత్తురు ఎవరికీ కనపడకుండా పోసి, “సెప్పులేసుకో” అంది.

స్టాండు బిత్తరపోయింది. అసిరమ్మ చేత చెప్పులు వేయించుకున్న మొదటి మగాడు దాసేనని పక్క బండి పోలినాయుడు వారం రోజులు ఆటపట్టించాడు. అసిరమ్మ గోరువెచ్చని ఉప్పునీళ్లలో గిట్ట నానబెట్టి, తవుడు కట్టు కట్టి, గోనెపట్టా చుట్టింది. రోజూ గుర్రాన్ని ఇంటికే తోలుకురమ్మంది.

మర్నాడు ఇంటి దగ్గర కోడి ఈక తీసి దాసు పాదం మీద రాసింది. కళ్లు మూసుకోమంది. ఎక్కడ రాస్తున్నానో చెప్పమంది. చీలమండ పక్కన అరచేతంత తెల్లమచ్చ దగ్గర దాసు ఏమీ చెప్పలేకపోయాడు.

“ఎన్నాళ్లయింది మొద్దుబారి?”

“రెండేళ్లు. నొప్పినేదు కదత్తా, మంచిదే అనుకున్నాను.”

“బుల్లెమ్మకి సీవు పట్టింది. కుంటింది కాబట్టి బతికింది. నువ్వు కుంటనేదు, అదేరా నీ రోగం. పెద్దరోగం, కుష్టు.”

దాసు కూలబడ్డాడు. ఈ మాట పొక్కితే ఇక తన బండి ఎవరూ ఎక్కరని ఏడ్చాడు. అసిరమ్మ ఓదార్చలేదు, ఆమెకి ఆ విద్య రాదు. “ముప్పయ్యేళ్లు గుర్రాల గిట్టలే సూసేను. మొగుడి పాదం ఏనాడూ తిప్పి సూణ్ణేదు. ఆడి కాలి ఏళ్లు రాలిపోయేక ఈ స్టాండోళ్లే తరిమేసేరు. ఇప్పుడు బిళ్లలున్నాయిరా ఎదవా, నెగు” అని, రెక్క పట్టుకుని సర్కారు ఆసుపత్రికి ఈడ్చుకుపోయింది. ఆరు నెలలు మింగాలన్నారు. చెప్పుల పిచ్చి ఎందుకో ఆ రోజు దాసుకి తెలిసింది. ఇన్నాళ్లూ ఆమెని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

నెల తిరక్కుండా బుల్లెమ్మ బండి లాగింది. రెండు నెలలు బాగానే గడిచాయి. ఒక పొద్దున దాసు సంచిలోంచి బిళ్లల అట్ట జారిపడింది. పోలినాయుడు తీసి చూశాడు. ఇవి పెద్దరోగం బిళ్లలు కదా, మా ఊళ్లో ఒకడు మింగేవాడు అన్నాడు. దాసు బండిలో కూచున్న ఆడమనిషి దిగిపోడానికి ఒక కాలు కింద పెట్టింది. మొత్తం స్టాండు దాసు వైపు తిరిగింది.

“ఇటు తే. అయి నాయి” అంది అసిరమ్మ, నాడా మీంచి తలెత్తకుండా. “నడవనేక ఆడి సేత తెప్పించుకుంటన్నాను. రోగం నాకు. ఏటి సూస్తారు?”

ఆడమనిషి కాలు మళ్లీ పైకి లాక్కుంది.  దాసు కళ్లెం అదిలించి దేవరాపల్లి రోడ్డెక్కాడు. దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు, కానీ బండి ఆపలేదు.

టీ కొట్టువాడు అసిరమ్మకి కొబ్బరి చిప్పలో టీ పోయడం మొదలెట్టాడు. జట్కావాళ్లు గుర్రాన్ని పొడుగు తాడుతో అందించి అంత దూరాన నిలబడేవాళ్లు. నాడాలు కొట్టడానికి ఆమె తప్ప దిక్కులేదాయె. వాళ్ల సిగ్గులేనితనం చూస్తే దాసుకి కడుపు రగిలేది. తన సిగ్గులేనితనం గుర్తొచ్చి చల్లారేది.

ఆరు నెలలూ అయ్యాయి. రోగం పోయిందని డాక్టరు చెప్పిన రోజునే దాసు తిన్నగా స్టాండుకొచ్చి, బండెక్కి నిలబడి, “ఆ రోగం నాది. బిళ్లలు మింగింది నాను. అసిరమ్మత్తకి ఏటీ నేదు” అని చెప్పేశాడు. పాదం ఎత్తి మచ్చ కూడా చూపించాడు.

 పోలినాయుడు తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

“సూసేర్రా, గుండంటే ఆడిది. ముసిల్దాన్ని మనం ఎలేసేమని రోగం ఆడి నెత్తినేసుకుంటన్నాడు. మనవూ ఉన్నాం, ఎందుకు?”

కాదురా, నిజంరా అని దాసు మొత్తుకున్నాడు. ఎంత మొత్తుకుంటే అంత గొప్పవాడైపోయాడు. పోలినాయుడు పోయి అసిరమ్మ పక్కనే చతికిలబడ్డాడు. టీ కొట్టువాడు చిప్ప పారేసి గాజుగ్లాసులో టీ తెచ్చాడు. మిగతావాళ్లు సిగ్గుపడుతూ చుట్టూ చేరారు.

“మూడు నెల్లు ఈళ్ల కాళ్ల కంపు నేకుండా హాయిగా ఉన్నాను, పాడు సేసేవు కదరా” అని అసిరమ్మ దాసుని తిట్టిపోసింది.

తర్వాత కూడా దాసు ఇంకో రెండుసార్లు నిజం చెప్పి చూశాడు. చెప్పినప్పుడల్లా, అంత మంచివాడి బండి ఎక్కాలని బేరాలు పెరిగాయి. దాంతో చెప్పడం మానుకున్నాడు.