పొడుగురాళ్లు పీకిన గోడ

పామిడి దగ్గర మా ఊళ్లో పాత ఇంటి రాతిగోడ నిజానికి రెండు గోడలు. బయట ఒక వరుస రాళ్లు, లోపల ఒక వరుస, మధ్యలో మట్టీ గులకరాళ్లూ. రెండూ విడిపోకుండా అక్కడక్కడా గోడ మందం కన్నా పొడుగైన రాళ్లను అడ్డంగా వేస్తారు. వాటి కొసలు గదిలోకి పొడుచుకొచ్చి ఉంటాయి.

టీవీ వెనక గోడ నున్నగా ఉండాలని ఒక వేసవిలో మా ఆయన వాటిని పీకించాడు. బొక్కల్లో ఇటుకముక్కలు కుక్కించి సిమెంటు పూయించాడు. వద్దని మొత్తుకున్నాను.

"ఈడ వానలు యాడ పడతాయే, గోడకేమైతాది?" అన్నాడు. ఊళ్లో సగంమంది అదే ధీమాతో అదే పని చేయించారు. ఎండలను చూసి గోడలు కట్టే జనం మేము.

నిరుడు వాన పట్టుకుంది, విడవలేదు. తెరిపిచ్చిన పొద్దున చూస్తే బయటి వరుస చూడి ఆవు కడుపులా ఉబ్బి ఉంది. లోపల సిమెంటు మీద చెయ్యి దూరేంత పగులు. మిద్దె దూలాలన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి. అది పడితే ఇల్లే పోతుంది, మాకు వేరే నీడ లేదు. పిల్లల్ని ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టి మేస్త్రీని పిలిపించాం.

మేస్త్రీ దూలాల కింద మొద్దులు నిలబెట్టాడు. "గోడకు తూట్లు పొడిచి ఇనుప కమ్మీలు దూర్చల్ల. రెండు పక్కలా పలక పెట్టి నట్టు బిగిస్తే నిలుస్తాది. లోపల నట్టు బిగించేకి ఒగరు నిలబడల్లక్కా. తూట్లు పొడిచే మిషన్ అదురుకు గోడ పడినా పడతాది, ముందే చెప్తాండా."

మా ఆయన బయట ఉబ్బుకు ఆనించిన మొద్దును భుజంతో అదిమి పట్టుకుని ఉన్నాడు. మేస్త్రీ చేతిలో మిషన్ ఉంది. ఇంకెవరు పోతారు? పానా తీసుకుని నేనే లోపలికి పోయాను. భయం కన్నా ఆయన మీద కోపమే ఎక్కువగా ఉంది.

మొదటి కమ్మీ దుమ్ముతో పాటు గోడలోంచి నా వైపుకొచ్చింది. పలక తొడిగి నట్టు బిగించాను. రెండోదానికి మిషన్ మొదలవగానే గోడ లోపల ఏదో జారిన చప్పుడు. తలకాయంత రాయి వచ్చి నా కాలి పక్కనే పడింది.

చప్పుడుకు ఊరు పోగైంది. మొద్దును ఎదురింటాయనకు అప్పగించి మా ఆయన లోపలికి ఉరికి వచ్చాడు. నా చేతిలోంచి పానా లాక్కున్నాడు.

"నువ్వు బయటికి పో."

"ఇద్దరం బిగిస్తాం."

"పోవే! పిల్లోళ్లకు ఒగరన్నా ఉండల్ల."

పోయాను. అరుగు మీద పిల్లల్ని దగ్గరికి లాక్కుని ఆ గోడ వైపే చూస్తూ కూర్చున్నాను. మిషన్ ఆగినప్పుడల్లా లోపల పానా చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

"నాయన యాడమ్మా?" అంది చిన్నది.

"గోడను పట్టుకోనుండాడు" అన్నాను.

ఆఖరి నట్టు బిగించి, నెత్తి నిండా మట్టితో ఆయన బయటికొచ్చాడు. ఆ రాళ్లు పీకించిన రోజు నుంచీ దాచుకున్న తిట్లు ఎన్నో ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ రాలేదు. ఊరంతా చూస్తుండగా ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను.