హెన్యా కూతురి ఈత పరీక్ష

మా యూదుల పేట బ్రౌన్స్‌విల్‌లో ఫ్రూమాను ఇప్పటికీ అందరూ టీచరమ్మగానే ఎరుగుదురు. జీవితమంతా పిల్లలకు చదువు చెప్పిన మనిషి. ఆ ఉద్యోగానికి అడ్డం పడింది లాటినూ కాదు, లెక్కలూ కాదు, ఈత అని చెబితే ఈ కాలం పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వుతారు మరి, వాళ్ళ సొమ్మేం పోయింది! కాలేజీ ఈతకొలను గట్టు మీద చలికి వణుకుతూ నిలబడింది నేనూ, అదీను.

మేమిద్దరం ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం. మేం మూడో అంతస్తులో, వాళ్ళు కింద నేలమాళిగలో. వాళ్ళమ్మ హెన్యా నడిపే మిక్వే కూడా అక్కడే. పెళ్ళయిన ఆడవాళ్ళు మైల రోజులు తీరాక వచ్చి నిండా మునిగి వెళ్ళే గుండం అది. తండ్రి పోయాక ఆ ఇంటికి అదే ఆధారం. పొద్దుగూకాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలమీద శాలువా లాక్కుని వచ్చేవారు. బాయిలర్‌లో బొగ్గు వెయ్యడం, తువ్వాళ్ళు ఉతకడం, నేల తుడవడం అన్నీ ఫ్రూమా నెత్తినే పడేవి. హెన్యాకు మోకాళ్ళు వంగేవి కావు. తెల్లారితే మళ్ళీ కాలేజీ. రైల్లో కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయేది ఆ పిల్ల. మా స్టేషన్ రాగానే నేను మోచేత్తో పొడిచి లేపేదాన్ని.

మాది ఆడపిల్లల కాలేజీ. ఫీజు లేదు గనక సగం మంది మావాళ్ళే. చదువు సంగతి అలా ఉంచండి, వేషాలకు మాత్రం కొదవ లేదు. జుట్టు చెవుల దాకా కత్తిరించడం, మేజోళ్ళు మోకాళ్ళ కిందికి చుట్టి మోకాళ్ళకు పౌడరద్దడం, చేతులు కడుక్కునే గదిలో ఒక్క సిగరెట్టు నలుగురు పీల్చడం. మాలో మాకే హెచ్చుతగ్గులు. ఊరి పైభాగంలో ఉండే జర్మనీ యూదుల అమ్మాయిలకు వేరే సంఘం, వేరే టీ విందులు. రష్యా నుంచి వచ్చిన మాలాంటివాళ్ళని గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. వాళ్ళు వేసవిలో సరస్సు ఒడ్డు బంగళాలకు పోయేవారు, ఈత అక్కడే వచ్చేసేది. మాకు వేసవి అంటే డాబా మీద పరుపు.

ఫ్రూమా కూడా జుట్టు కత్తిరించుకుంది. ఆ ఏడాది మా వీధిలో ఏ ఇంట చూసినా ఇదే గొడవ. మా అమ్మయితే నా మొహం చూడ్డం మానేసింది. హెన్యా మాత్రం కూతురి తల అటూ ఇటూ తిప్పి చూసి, "బానే ఉందే! పొట్టి జుట్టు నీళ్ళ మీద తేలదు. ఈ ఆడంగులందరూ ఇట్టా కత్తిరించుకుని చస్తే నాకు సగం చాకిరీ తప్పుద్ది," అంది. ఆవిడ బాధ ఆవిడది. గుండంలో ఒక్క వెంట్రుక పైన తేలినా ఆ మునక చెల్లదు, మళ్ళీ మునగాల్సిందే.

ఇక ఈత సంగతి. కాలేజీ కొలనులో ఈ చివర నుంచి ఆ చివరికి ఎవరి సాయం లేకుండా ఈదితేనే డిగ్రీ. అది రూలు. ఆ రూలు పెట్టిన మహానుభావులెవరో నాకు ఒక్కసారి కనబడితే బావుండేది! డిగ్రీ లేకపోతే టీచరు ఉద్యోగం లేదు. ఉద్యోగం వస్తే బాయిలర్ దగ్గర ఒక పనిమనిషిని పెట్టుకోవచ్చని ఫ్రూమా ఆశ. దాని ఆశలన్నీ అక్కడితో సరి. పెళ్ళికొడుకు గురించి కూడా అంత గట్టిగా అనుకుని ఉండదు.

మొదటి రోజు మాకు తలా ఒక బూడిదరంగు నూలు ఈతదుస్తు ఇచ్చారు. తడిస్తే అది గోనెసంచిలా బరువెక్కేది. ఈత నేర్పే మిస్ ప్రెస్కాట్ మెడలో ఈల వేసుకుని గట్టు మీద నిలబడింది. ఫ్రూమా మెట్లు దిగింది. కాళ్ళు కాస్త ఎడం చేసి, చేతులు చాచి, కళ్ళు మెల్లగా మూసుకుని, మోకాళ్ళు వంచి నిలువునా మునిగిపోయింది. ఎంతకీ లేవదు! ఈల మోగింది, ఆడపిల్లలు కెవ్వుమన్నారు. అప్పుడు తీరిగ్గా పైకొచ్చి, అంతా సరిగ్గా చేశాను కదా అన్నట్టు నా వైపు చూసింది.

"మిస్ గెలర్, నీళ్ళ మీద ఉండాలి మీరు, నీళ్ళ కింద కాదు!" అని ఫ్రూమా మీద అరిచింది మిస్ ప్రెస్కాట్.

అందరూ ఫక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళకేం తెలుసు! నీళ్ళంటే బెదిరే కొత్త పెళ్ళికూతుళ్ళకు, "ఇదిగో, మా పిల్ల ఎట్టా మునుగుద్దో చూడమ్మా," అని చిన్నప్పటి నుంచీ హెన్యా దీన్నే దింపి చూపించేది. నీళ్ళలో దిగితే దాని ఒంటికి తెలిసింది అదొక్కటే.

చలికాలమంతా ఇదే వరస. చేతులు కొట్టుకునేది, నీళ్ళు మింగేది, చివరికి మునిగేది. అందరూ గట్టెక్కారు. నేను కూడా కుక్కలా కాళ్ళు చేతులు కొట్టుకుని ఎలాగో ప్యాసయ్యాను. అది ఒక్కర్తే మిగిలింది.

"మా మామయ్య డాక్టరే కదా, గుండె బలహీనమని రాసిస్తాడు. అప్పుడు నిన్ను కొలన్లోకి దింపరు," అన్నాను రైల్లో.

"ఆ తర్వాత? గుండెజబ్బు మనిషికి ఏ బడివాళ్ళు ఉద్యోగమిస్తారే? నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది కళ్ళు మూసుకునే.



ఇంటి దగ్గర హెన్యా గోల ఇంకోటి. "తేలడానికి కాలేజీ ఎందుకే? కర్రముక్క తేలుద్ది! మా దగ్గరికి రమ్మను మీ ఈలమ్మని. ఒక్క మునక సరిగ్గా మునిగి చూపించమను!"

"అమ్మా, నువ్వు ఊరుకోవే," అనేది ఫ్రూమా తువ్వాళ్ళు పిండుతూ. ఆ గొంతులో కోపం కూడా ఉండేది కాదు. కోప్పడ్డానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఆఖరి అవకాశం వేసవి మొదట్లో, మా షవువోత్ పండగ ముందు వచ్చింది. పండగ ముందు గుండం దగ్గర జనం ఎలా ఉంటారో చెప్పక్కర్లేదు. ఫ్రూమా కళ్ళ కింద నల్లటి చారలతో కాలేజీకి వచ్చింది. నడుస్తుంటే కాళ్ళు తేలిపోతున్నాయి.

"ఎలా ఈదినా సరే, కాలు నేలకు తగలకూడదు. ఈసారి పోతే ఇక వచ్చే ఏడాదే," అంది మిస్ ప్రెస్కాట్.

ఫ్రూమా దిగింది. అలవాటు కొద్దీ బుడుంగున మునిగింది. కాలు నేలకు ఆనకముందే పైకొచ్చి రెండు బారలు వేసింది, మూడో బారకు చెయ్యి లేవలేదు. "మిన్నా, ఇక నా వల్ల కాదే," అని నాకేసి చూసి వెల్లకిలా పడిపోయింది.

పడిపోయింది గానీ మునగలేదు. నీళ్ళతో పెనుగులాడే సత్తువ దాని ఒంట్లో మిగల్లేదు. చేతులు వదిలేసింది, మెడ వదిలేసింది. నీళ్ళు దాన్ని అలాగే పైన ఉంచాయి. నేను గట్టు మీద పిచ్చిదానిలా, "కాళ్ళు! కాళ్ళు కదపవే!" అని అరుస్తూ పక్కనే నడిచాను. కదిపింది. నిద్రలో దుప్పటి తన్నేసినంత మెల్లగా కదిపింది. ఎంతసేపు పట్టిందో దేవుడికెరుక. తల వెళ్ళి అవతలి గోడకు తగిలింది.

ఈల మోగింది. "మిస్ గెలర్, ప్యాస్!" అంది మిస్ ప్రెస్కాట్.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గట్టు మీద మోకాళ్ళ మీద కూలబడి, "ఫ్రూమా! ప్యాసయ్యావే! నీకు ఉద్యోగం వచ్చేసినట్టే! లేవవే!" అన్నాను.

అది కదల్లేదు, కళ్ళూ తెరవలేదు.

"వినబడిందిలే."

"మరి లేవవేం?"

"లేస్తే ఇంటికి పోవాలి కదే," అంది.